జబ్బుకు శాఖలు తెలియవు

పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో ఏ తెలుగింట్లో పిల్లలు ప్లస్ టూ దాటినా ఇంచుమించు ఒకే తీర్పు వినబడుతుంది. డాక్టరైతే మంచిది, ఇంజినీరైనా ఫరవాలేదు, బ్యాంకు పరీక్ష రాసినా సరే. జీవకణం మీద పరిశోధన అంటూ పదేళ్లు ల్యాబులో కూర్చుంటే సంపాదన ఎప్పుడు, పెళ్లి ఎప్పుడు? ఇక సంస్కృతి, సిద్ధాంతం అంటూ పుస్తకాలు ముందేసుకుంటే అది కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా? ఈ మాట అనే అమ్మానాన్నలతో నాకు తగువు లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చి, జంగ్లీఘాట్‌లో చేపల తట్టలు మోసి, తాపీ పనులు చేసి బిడ్డల్ని చదివించుకున్న కుటుంబాలవి. అప్పు తెచ్చి ఫీజు కట్టినవాళ్లకు భయం ఉండటం న్యాయమే.

నా తగువు అదే మాటను హోదాతో, అధికారంతో చెప్పేవాళ్లతో. వాళ్ల వాదం ఇలా సాగుతుంది. అండమాన్ నికోబార్ దీవుల జనాభా 2011 లెక్కల్లో 3,80,581. ఇంత చిన్నచోటికి కావలసింది ఆస్పత్రి, ఓడ, కరెంటు. పరిశోధన మెయిన్‌ల్యాండ్ పని. తప్పదనుకుంటే ఎవరి శాఖ వాళ్లు చూసుకోవాలి. జబ్బు సంగతి వైద్యులకు, డబ్బు సంగతి ఆర్థికవేత్తలకు, ఆదివాసుల ఆచారాలు మానవశాస్త్రం వాళ్లకు, కణం లోపలి సంగతులు హైదరాబాదు, బెంగళూరు ల్యాబులకు వదిలేయాలి. అన్నీ ఒకచోట కలిపితే కలగాపులగమే తప్ప లోతు ఉండదు.

పైకి వినడానికి ఇది తెలివైన మాటే. డబ్బు పరిమితం, ఒక్కో శాస్త్రంలో లోతుకు దిగడానికి ఒక జీవితకాలం పడుతుంది. అయినా ఈ వాదం తప్పని, ఈ దీవుల విషయంలో ప్రాణాంతకమైన తప్పని నేను నమ్ముతున్నాను. కారణం ఊహల్లో లేదు, ఈ దీవుల వైద్య చరిత్రలోనే ఉంది. ఇక్కడ జబ్బు మీద సాధించిన పెద్ద గెలుపులన్నీ శాఖల మధ్య గోడలు దాటినవాళ్ల వల్ల వచ్చాయి. పెద్ద ఓటములు ఆ గోడల నీడలో జరిగాయి. వాదంలో ఒక్కొక్క భాగాన్నే తీసుకుని చూద్దాం.

కణం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం విలాసమన్నది మొదటి భాగం. దీనికి జవాబు భీమవరంలో పుట్టినవాడే ఇచ్చాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. తర్వాత అమెరికా చేరాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి రూపొందించి 1925లో ప్రకటించాడు. వినడానికి ఎంత చిన్న పని! కానీ ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో, ఎ.టి.పి. ఉందని 1929లో తేల్చగలిగారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఎ.టి.పి.ని విడిగా కనిపెట్టాడు. ప్రతి జీవకణం పని చేయడానికి వాడుకునే శక్తి రహస్యం అలా బయటపడింది. కండరంలో భాస్వరం కొలిస్తే ఎవరికి లాభమని ఆనాడు ఎవరైనా నిలదీసి ఉంటే, చూపించడానికి ఆయన దగ్గర ఒక్క మాత్ర కూడా లేదు.

మాత్రలు తర్వాత వచ్చాయి. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు అక్కడి పరిశోధనను నడిపించిన ఎనిమిదేళ్లలో ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ వైద్యాన్ని మలుపు తిప్పిన మందులు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, 1947లో ఫైలేరియా మందు హెట్రజాన్ వచ్చాయి. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. హెట్రజాన్‌నే మనం డి.ఇ.సి. అంటున్నాం. బోదకాలు రాకుండా ప్రభుత్వం పంచే మాత్ర అదే. టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ ఎలుక జ్వరానికి మందు. ఈ దీవులను ఏళ్ల తరబడి పీడించిన రెండు జబ్బుల మీద పోరాటం ఒక తెలుగువాడు నడిపించిన ప్రయోగశాలతో ముడిపడి ఉంది. ఆయన పేరు చెప్పుకుని పొంగిపోతూనే, ఆయన మొదట చేసినలాంటి పనిని కూడు పెట్టని చదువంటే అది ఆయన పట్ల మన కృతఘ్నత.

డి.ఇ.సి. గురించి ఇంకొక సంగతి ఉంది. గాజు పళ్లెంలో ఫైలేరియా సూక్ష్మపురుగుల్ని ఉంచి దాని మీద ఈ మందు వేస్తే అవి పెద్దగా చలించవు. అదే మందు రోగి ఒంట్లోకి వెళితే కొద్ది సేపట్లో రక్తంలోంచి మాయమవుతాయి. మందు పురుగును నేరుగా చంపడం కంటే, మన ఒంటి రక్షణ కణాలు దాన్ని పట్టుకునేలా చేయడమే ఎక్కువ. దీన్ని తెలుసుకోవాలంటే కణం సంగతి తెలిసినవాళ్లు కావాలి. అలాగే 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫైలేరియా పురుగు కణాలను చూసినవాళ్లకు వాటి లోపల బ్యాక్టీరియా కాపురం ఉన్నట్టు కనిపించింది. రెండు దశాబ్దాల పాటు ఆ సంగతి పత్రికల్లోనే పడి ఉంది. ఆ బ్యాక్టీరియా లేకపోతే పురుగు సంతానం కనలేదని, డాక్సీసైక్లిన్‌తో ఆ బ్యాక్టీరియాను చంపవచ్చని తర్వాత తేలింది. ఆ ఇరవై ఏళ్ల ఆలస్యం కణాన్ని చూసినవాళ్లది కాదు. అటు చూడని వైద్యానిది.

జబ్బుకు వైద్యులు చాలునన్నది రెండో భాగం. దీనికి నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవులే సాక్ష్యం. దేశంలో మిగతాచోట్ల ఫైలేరియా రక్తపరీక్ష రాత్రిపూట చేస్తారు. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిళ్లు కుడుతుంది, సూక్ష్మపురుగులు కూడా ఆ వేళకే రక్తంలో పైకి తేలతాయి. అందుకే సిబ్బంది చీకటి పడ్డాక ఇల్లిల్లూ తిరిగి వేలి కొస నుంచి నెత్తురు చుక్క తీసుకుంటారు. కమోర్టా, కచ్చల్, చౌరా, తెరెస్సా ఉన్న నాన్‌కౌరీ సమూహంలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడి ఫైలేరియా పురుగులు రక్తంలో పగలు ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని మోసుకొచ్చే దోమ చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో గుడ్లు పెడుతుంది, అడవిలో పట్టపగలు కుడుతుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన పద్ధతిని ఉన్నదున్నట్టు వాడితే రాత్రి పరీక్ష రోగం లోతు చెప్పదు, దోమతెర కాపాడదు, మురుగు కాలువ శుభ్రం చేసినా దోమ తగ్గదు. కొబ్బరి తోటలోకి, అడవిలోకి పోకుండా ఉండమని నికోబారీ మనిషికి చెప్పలేం. అతని బతుకంతా అక్కడే ఉంది.

2004 నుంచి దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా డి.ఇ.సి. మాత్రలు మింగించే కార్యక్రమం నడుస్తోంది. నాన్‌కౌరీలో ఎన్నో విడతలు జరిగినా జబ్బు పూర్తిగా పోలేదు. అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోని ఐ.సి.ఎం.ఆర్. ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వాళ్లు డి.ఇ.సి. కలిపిన ఉప్పును పరీక్షించారు. ఈ ఆలోచన పాతదే. ఫ్రాంక్ హాకింగ్ 1960లలో బ్రెజిల్‌లో దీన్ని ప్రయత్నించాడు, చైనా ఈ ఉప్పుతోనే చాలా ప్రాంతాల్లో ఫైలేరియాను తుడిచిపెట్టింది. నాన్‌కౌరీలో మాత్రలతో పాటు ఉప్పు అందినచోట, మాత్రలు మాత్రమే అందినచోటి కంటే సూక్ష్మపురుగులున్నవాళ్లు బాగా తగ్గారు.

ఈ గెలుపు ఎవరిది? మందు రసాయన శాస్త్రానిది. పగలు కుట్టే దోమను గుర్తించినది కీటకశాస్త్రం. కానీ ఉప్పు ఎందుకు పనిచేసింది? ఆ దీవులకు ఉప్పంతా ఓడ మీదే రావాలి, నాలుగు దుకాణాల్లో నాలుగు రకాల ఉప్పు దొరకదు. అది అర్థశాస్త్రం. ఊరి పెద్దలైన కెప్టెన్లు, గిరిజన మండలి ఒప్పుకుంటేనే ఊరు ఒప్పుకుంటుంది. వంటింట్లోకి ఏది రావాలో తేల్చేది ఆ ఇంటి పెద్దలు. అది సంస్కృతి. ఈ రెండింటి లెక్క తెలియకుండా అదే ఉప్పును వీధికొక కిరాణా కొట్టున్న ఊళ్లో పెట్టి ఉంటే, పక్క కొట్టులో మామూలు ఉప్పు కొనుక్కునేవాళ్లు. వైద్యం ఒంటరిగా గెలిచిందని ఎవరైనా అంటే ఆ మాట నిజం కాదు.

పని ఇంతటితో అయిపోలేదు కూడా. ఇదే పరిశోధన కేంద్రం నికోబారీయుల్లో రక్తపోటు మీద చేసిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు తేలింది. ఫైలేరియా విభాగం ఈ ఉప్పు తినమంటుంది, గుండె విభాగం ఉప్పు తగ్గించమంటుంది. రెండూ ఒకే ఇంటికి, ఒకే వంటగదికి వెళ్లే సలహాలు. ఆ ఇంటి ఆవిడ ఎవరి మాట వినాలి? పందిమాంసం, చేప, కొబ్బరి, పెండలం తిని బతికిన ఇంట్లోకి బియ్యం, డబ్బా సరుకు, ప్యాకెట్ తిండి ఎలా వచ్చాయో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఏ శాఖా ఒంటరిగా చెప్పలేని జవాబు ఇది. అందుకే ఎవరి శాఖ వాళ్లు చూసుకోండి అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక ఎలుక జ్వరం కథ వినండి. 1980ల చివర్లో ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ వైపు వానల కాలం తర్వాత ఒక జ్వరం మొదలైంది. ఒళ్లునొప్పులు, దగ్గు, ఆపైన నెత్తుటి కళ్లె. ఆరోగ్యంగా పొలానికి వెళ్లిన మనిషి కొద్ది రోజుల్లో ఊపిరితిత్తుల్లో నెత్తురు నిండి పోయేవాడు. కారణం తెలియక దానికి అండమాన్ రక్తస్రావ జ్వరం అని పేరు పెట్టారు. 1990లలో వైద్య పరిశోధన కేంద్రం వాళ్లు అది లెప్టోస్పైరోసిస్ అని రుజువు చేశారు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లలోంచి కాలి పగుళ్ల ద్వారా ఒంట్లోకి చేరే క్రిమి అది. మరి దీనిలో బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఇదే జబ్బు ఈ దీవుల్లో ఉందని 1929లోనే టేలర్, గోయల్ అనే వైద్యులు గుర్తించారు. 1931లో అది అచ్చయింది కూడా. ఆ జ్ఞానం పుస్తకాల అలమరలో ఉండిపోయింది. అరవై ఏళ్ల తర్వాత జనం పేరు తెలియని జ్వరంతో చనిపోయారు.

ఒక శాస్త్రం కనిపెట్టినదాన్ని సమాజం ఎందుకు మరిచిపోతుంది? ఇది వైద్య ప్రశ్న కాదు, చరిత్ర ప్రశ్న. ఖైదీల కాలనీ నాటి వైద్యం ఖైదీల ఒంటిని గమనించింది, కాలనీ పోయాక ఆ జ్ఞానానికి వారసులు లేకపోయారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి తెచ్చి కూర్చోబెట్టిన రైతు కుటుంబాలు అడవి నరికిన నేలలో వరి వేశాయి. తడి పొలం, ఎలుక, పశువు, ఉత్తకాళ్లు అన్నీ ఒకచోట చేరాయి. ఆ జబ్బు పునరావాస పథకంతో పాటే ఎదిగింది. పథకం గీసినవాళ్లు ఎకరాలు లెక్కపెట్టారు, పంట లెక్కపెట్టారు. పొలంలో దిగే కాలిని లెక్కపెట్టలేదు.

ఆ తర్వాత ఉత్తర అండమాన్‌లో 782 మందితో డాక్సీసైక్లిన్ మీద ఒక పరీక్ష జరిగి, 2000లో అచ్చయింది. వారానికి ఒక మోతాదు వేసుకుంటే క్రిమి సోకడం ఆగలేదు కానీ జబ్బుగా ముదరడం తగ్గింది. ప్రపంచమంతా చదివిన పరిశోధన అది, మన దీవుల్లో పుట్టింది. పరిశోధన మెయిన్‌ల్యాండ్ పని అనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూసినా చాలు. ఇక్కడి జబ్బును ఇక్కడే చదవాలి. దిగ్లీపూర్ పొలంలో ఏ నెలలో నీళ్లు నిలుస్తాయో, ఏ నెలలో కోతలో బురదలో నిలబడాలో ఢిల్లీకి తెలియదు.

మూడో భాగానికి వద్దాం: సంస్కృతి సిద్ధాంతం పనికిమాలినదన్న మాట. ప్రపంచ మానవశాస్త్రంలో ఒక పెద్ద సిద్ధాంతం ఈ దీవుల్లోనే పుట్టింది. ఎ.ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1906 నుంచి 1908 దాకా ఇక్కడ తిరిగి, 1922లో అండమాన్ ద్వీపవాసుల మీద పుస్తకం వేశాడు. చాలా రోజుల తర్వాత కలిసిన ఇద్దరు బంధువులు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని కూర్చుని గట్టిగా ఏడుస్తారు. అది పొంగుకొచ్చిన ఏడుపు కాదు, ఆచారం ప్రకారం ఏడవాల్సిన ఏడుపు. ఆ ఆచారం మనుషుల మధ్య బంధాన్ని మళ్లీ బిగిస్తుందని ఆయన చెప్పాడు. ప్రతి ఆచారమూ సమాజాన్ని నిలబెట్టే పని చేస్తుందన్న ఆయన సిద్ధాంతానికి ఇది పునాది అయింది.

ఆ ఏడ్చినవాళ్లు ఎవరు? గ్రేట్ అండమానీయులు. 1858లో ఇక్కడ ఖైదీల నివాసం పెట్టాక సుఖరోగాలు అడవుల్లోకి పాకాయి. 1877లో తట్టు వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. 1901 జనగణనలో గ్రేట్ అండమానీయులు 625 మంది. 1931కి 90 మంది. 1961కి 19 మంది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ రోగాల సంగతి రాయకపోలేదు, రాశాడు. కానీ ఆయన సిద్ధాంతంలో వాటికి చోటు లేదు. ఎదురుబొదురుగా కూర్చుని ఏడుస్తున్న ఆ ఇద్దరూ ఎంతమందిని పూడ్చిపెట్టి వచ్చారో ఆ సిద్ధాంతం అడగలేదు. ఒక జాతి కళ్లముందు అంతరించిపోతుంటే దాన్ని సమతూకంతో నడిచే సమాజంగా చిత్రించింది. వైద్యాన్ని పక్కన పెట్టిన సంస్కృతి సిద్ధాంతం ఎంత గుడ్డిదవుతుందో చూపించడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చూశారా, మీరే ఒప్పుకున్నారు, సంస్కృతి సిద్ధాంతం పనికిరాదని తేలిపోయింది కదా అంటారేమో. తేలలేదు. ఆ గుడ్డితనాన్ని ఎత్తిచూపినది కూడా సంస్కృతిని, చరిత్రను చదివిన పరిశోధకులే. ఖైదీల సమాజం మీద శతద్రు సేన్, ఇక్కడి ఒంగీ, జారవా తెగల మధ్య పనిచేసిన విశ్వజిత్ పాండ్య లాంటివాళ్లు అధికారం, రోడ్డు, కెమెరా ఒక జాతి బతుకును ఎలా మారుస్తాయో రాశారు. సిద్ధాంతం తప్పుదారి పడితే సరిచేయాల్సింది మెరుగైన సిద్ధాంతమే. సిద్ధాంతం వద్దనుకున్నవాడికి తను ఏ తప్పు సిద్ధాంతాన్ని మోస్తున్నాడో కూడా తెలియదు.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) పరిశోధన విషయంలో జరిగింది ఇదే. తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2005లో ఒంగీల, గ్రేట్ అండమానీయుల కణాల్లోని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను పూర్తిగా చదివి, తల్లి వైపు నుంచి వచ్చే వాళ్ల వంశశాఖలు వేల ఏళ్లుగా విడిగా సాగుతున్నాయని సైన్స్ పత్రికలో ప్రకటించింది. దగ్గరి శాఖలు ఈశాన్య భారతంలో కూడా ఉన్నాయని మరుసటి ఏడాదే వేరే పరిశోధకులు చర్చకు పెట్టారు. ఇది ఆరోగ్యకరమైన విజ్ఞానం. కానీ ఆ ఫలితం బయటి లోకానికి చేరేసరికి రాతియుగం మనుషులు, మారని మనుషులు అనే మాటగా మారిపోయింది. కణం చెప్పింది వంశశాఖ గురించి. బతుకు మారలేదని కణం చెప్పలేదు, చెప్పజాలదు కూడా. ఒడ్డున పగిలిన ఓడల ఇనుముతో ఆ మనుషులే బాణపు ములుకులు చేసుకున్నారు. చౌల్దారిలో గవ్వల గుట్టలు తవ్విన జరీన్ కూపర్‌కు రెండు వేల ఏళ్ల నాటి కుండ పెంకులు దొరికాయి. జన్యుశాస్త్రం పక్కన పురావస్తు శాస్త్రాన్ని పెట్టుకుని చదివినవాడు ఎవరినీ రాతియుగం మనిషి అనడు. అలా అనే మాటకు ఫలితం కూడా ఉంది. మారని మనుషులని నమ్మించాకే వాళ్లను చూడటానికి బండ్లు వరస కడతాయి.

ఆ బండ్లు వెళ్లేది అండమాన్ ట్రంక్ రోడ్డు మీద, జారవాల అడవిలోంచి. 1990ల చివర్లో జారవాలు తమంతట తాము బయటికి రావడం మొదలైంది. 1999లో వాళ్లలో తట్టు వచ్చింది. ఈసారి వైద్యులు ముందుకు ఉరికి చికిత్స చేశారు, 1877 పునరావృతం కాలేదు. అది వైద్యుల గొప్పతనం, వాళ్లకు నమస్కారం. కానీ తట్టు వచ్చిన దారి ఏది? రోడ్డు. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలో రోడ్డు మూయమని చెప్పింది. అయినా బండ్లు నడిచాయి. ఎందుకంటే రోడ్డు లెక్కలో దూరం, డీజిలు, సరుకు ధర ఉన్నాయి, ఒక జాతి రోగనిరోధక శక్తి ఏ పద్దులోనూ లేదు.

నాలుగో భాగం అదే: ఆర్థిక వ్యవహారం డబ్బు లెక్క మాత్రమేనన్న నమ్మకం. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత నికోబార్‌కు సాయం వెల్లువలా వచ్చింది. నికోబారీయుల్లో తుహెత్ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఉంది. కొబ్బరి తోటలు, పందులు, పెద్దల బాధ్యత అంతా అందులోనే. సాయం మాత్రం చిన్న కుటుంబాల పేరున, వ్యక్తుల ఖాతాల్లో పడింది. ఇళ్లు కూడా మొగుడు, పెళ్లాం, పిల్లల లెక్కన కట్టారు. సునామీకి ముందు నుంచే ట్రింకెట్ దీవిని అధ్యయనం చేసిన సిమ్రన్ జిత్ సింగ్ సాయమనే ఈ రెండో వరద గురించి రాశాడు. తోట, పంది, పండుగ మీద నడిచిన బతుకు నగదు మీదకు, కొన్న తిండి మీదకు మళ్లింది. నగదు తప్ప ఇంకేమీ కనిపించని లెక్క నగదు ఇచ్చింది, అది నిలబెట్టాల్సినదాన్ని కూల్చింది. పైన చెప్పిన రక్తపోటు ప్రశ్నను దీనికి దూరంగా పెట్టి ఏ వైద్యుడు జవాబు చెప్పగలడు?

ఇప్పుడు గ్రేట్ నికోబార్ ముందు అదే లెక్క పెద్దదై నిలబడింది. గలాథియా తీరంలో ఓడరేవు, దీవిలో విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కట్టే ప్రాజెక్టు అది. మొదట్లో 72,000 కోట్ల రూపాయలని అంచనా వేశారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. ఆ దీవి అడవుల్లో ఉండే షోంపెన్ తెగవాళ్లు 2011 లెక్కల్లో 229 మంది. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది పెద్ద చర్చ, అది జరగాలి. నేను అడిగేది ఒక్కటే. 1877 తెలిసి, 1999 తెలిసి, 229 మంది పక్కకు ఒక పట్టణాన్ని తెచ్చే లెక్కలో అంటురోగం ఖర్చు ఏ వరుసలో ఉంది? వాళ్లలో ఒక తరం పోతే దాన్ని ఏ రూపాయల్లో రాస్తారు? దీన్ని ఆర్థికవేత్త ఒక్కడే చెప్పలేడు. అతని పక్కన రోగనిరోధక శాస్త్రజ్ఞుడు, షోంపెన్ల మాట, నడత తెలిసినవాడు కూర్చోకపోతే ఆ నివేదిక ఎన్ని పేజీలున్నా సగమే.

అన్నీ కలిపితే లోతు పోతుందన్న ఆఖరి అభ్యంతరానికి వస్తాను. లోతు పోయే కలయికలు ఉన్నాయి, కాదనను. ప్రతివాడికీ అన్నీ కొద్దికొద్దిగా తెలియడం వేరు, లోతు తెలిసిన నలుగురు ఒకే ప్రశ్న మీద కూర్చోవడం వేరు. జంగ్లీఘాట్ నుంచి వేటకెళ్లే బోటులో ఇంజను చూసేవాడు, వల వేసేవాడు, నీటివాలు చూసేవాడు వేరు వేరు. ఒకడి పని ఇంకొకడు చేయడు, కానీ అందరూ ఒకే బోటులో ఉంటారు. నేను కోరేది అంతే. కణశాస్త్రం నేర్చినవాడు కణశాస్త్రమే చేయాలి. అయితే అతని ప్రశ్న ఏ పొలంలోంచి, ఏ వంటగదిలోంచి వచ్చిందో అతనికి తెలియాలి. అతని జవాబు అక్కడికి తిరిగి వెళ్లాలి.

ఇది దీవుల గొడవే అనుకునే తెలుగువాళ్లు ఉద్దానం వైపు చూడాలి. ఇక్కడి మన కుటుంబాలు ఎన్నిటికో చుట్టరికం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను ఖాళీ చేస్తోంది. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఒక్కో శాఖ తన కారణం తను వెదికింది, ఒక్క కారణంతో మొత్తం కథ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ కొబ్బరి, జీడి తోటల్లో కూలి గంటలు, తాగే నీటి అలవాటు, డయాలసిస్ కోసం చేసే అప్పు, ఊరు విడిచి పోవడం, మూత్రపిండ కణం దెబ్బతినే తీరు, వీటన్నిటినీ ఒకే మనిషిలో చూడకపోతే అక్కడ కూడా చేసేది రక్తం శుద్ధి చేయడమే అవుతుంది తప్ప జబ్బును ఆపడం కాదు.

షాదీపూర్ నుంచి ఆటో ఎక్కితే ఒక్క పూటలో చుట్టిరాగల దూరంలో ఏమేం ఉన్నాయో చూడండి. డాలీగంజ్‌లో 1983 నుంచి వైద్య పరిశోధన కేంద్రం. గారచర్మాలో దీవుల వ్యవసాయ పరిశోధన సంస్థ. జి.బి. పంత్ ఆస్పత్రికి అనుబంధంగా 2015లో మొదలైన వైద్య కళాశాల. మానవశాస్త్ర సర్వే కార్యాలయం, దాని మ్యూజియం. 1967 నుంచి జె.ఎన్.ఆర్.ఎం. కళాశాల. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ పోర్ట్ బ్లెయిర్‌లో కణం, రోగం, పంట, ఆచారం చదివేవాళ్లంతా పక్కపక్కనే ఉన్నారు. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని శాస్త్రాలు ఇంత దగ్గరగా ఉండటం పెద్ద నగరాలకు కూడా లేని అవకాశం. చిన్నచోటు కాబట్టి పరిశోధన వద్దనే వాదం ఇక్కడ తలకిందులవుతుంది. చిన్నచోటు కాబట్టే కలిసి చేయడం సాధ్యం.

కాబట్టి కావలసింది స్పష్టంగా చెబుతాను. దీవుల ప్రజల నెత్తురు చుక్క తీసుకునే ప్రతి పరిశోధనా వాళ్ల తిండి, పని, ఆదాయం, ఆచారం గురించి కూడా అడగాలి. భూమి, రోడ్డు, రేవు గురించి వేసే ప్రతి ఆర్థిక నివేదికలోనూ రోగం లెక్క ఉండాలి. ఫలితాలు ఇంగ్లీషు పత్రికల్లో అచ్చయి ఊరుకోకుండా నికోబారీలోకి, బెంగాలీలోకి, తమిళంలోకి, ఇక్కడి జనాభాలో సుమారు 13 శాతం మాట్లాడే తెలుగులోకి రావాలి. 1929లో గుర్తించిన ఎలుక జ్వరాన్ని మరిచిపోవడానికి, అది జనం నోట పడకపోవడం కూడా ఒక కారణం. వైద్య కళాశాలలో చదివే పిల్లలు మ్యూజియంలో కొన్ని పాఠాలు వినాలి, మానవశాస్త్రం చదివే పిల్లలు మైక్రోస్కోపులో ఫైలేరియా పురుగును ఒక్కసారైనా చూడాలి.

ఇక షాదీపూర్ అమ్మానాన్నలకు నా మాట. మీ అమ్మాయి కణం గురించి చదువుతానన్నా, మీ అబ్బాయి నికోబారీయుల ఉమ్మడి కుటుంబాల గురించి పుస్తకం రాస్తానన్నా వాళ్లను దారి తప్పినవాళ్లనుకోకండి. వాళ్లకు జీతం, ల్యాబు, ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. దాన్ని గట్టిగా అడిగే హక్కు మీది. దిగ్లీపూర్ రైతు కాలికి పగుళ్లు ఉన్నంతకాలం, నాన్‌కౌరీ చెట్టు తొర్రలో దోమ గుడ్లు పెట్టినంతకాలం ఆ చదువులు మన అవసరాలు. వాటిని విలాసమని కొట్టివేసే ప్రతి సంతకానికీ ఈ దీవుల్లో ఎక్కడో ఒక ఇల్లు మూల్యం చెల్లిస్తుంది.